ముంగిస సర్వీసు, నక్క రచన

ఒక పెద్ద అడవిలో కొత్త చట్టం వచ్చింది: ఎవరి సృష్టినైనా వాళ్ల అనుమతి లేకుండా కాపీ చేయకూడదు. కాకులు తన నాట్యాన్ని కాపీ కొడుతున్నాయని నెమలి పోరి పోరి తెప్పించుకున్న చట్టం అది. దాంతో నెమలికి ఒరిగిందేమిటో తెలియదు గానీ, రికార్డుల గుమాస్తా నక్క జంబుకరావుకు మాత్రం పండగైంది.

ముంగిస రవణి సింహం గుహ దగ్గర పాములు రాకుండా కాపలా కాసేది. పక్క అడవిలో కాపలా పెద్ద ఉద్యోగం ఖాళీ అయింది. జీతం రెట్టింపు. పైగా పిల్లలకు వరద నీళ్లు రాని మిట్ట బొరియ. కావలసిందల్లా సర్వీసు రికార్డు కాపీ.

"ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ అది నా రచన. కాపీకి మూడు కోడిపెట్టలవుతాయి," అన్నాడు జంబుకరావు.

"అందులో రాసిన పాముల్ని చంపింది నేను కదండీ గుమాస్తాగారూ."

"పాములు నీవే. వాక్యాలు నావి. 'పడగ విప్పిన నాగును అప్రమత్తతతో ఎదుర్కొని...' ఆ ఎత్తుగడ నీకొస్తుందా?"

రవణి మనసులోనే లెక్కేసింది. ఏడాది జీతమంతా పోగేసినా రెండో కోడి కాళ్ల దాకా కూడా రాదు. తిన్నగా కోర్టుకెళ్లింది.

న్యాయాధికారి ఏనుగు జంబుకరావును పిలిపించి, చెవులు విసురుకుంటూ చట్టం చదివాడు.

"చూడవయ్యా, ఊహించి రాసినదానికే ఈ రక్షణ. జరిగింది జరిగినట్టు రాస్తే అది రికార్డు, అడిగినవాళ్లకు కాపీ ఇచ్చి తీరాలి. నువ్వు రాసింది నిజమా, ఊహా?"

అడవిలో ఉద్యోగులెందరో, కోడిపెట్టలెన్నో జంబుకరావు కళ్ల ముందు మెదిలాయి.

"ఊహేనండయ్యా. ఒక్క ముక్క నిజముంటే ఒట్టు."

"ఆఫీసులో రికార్డులన్నీ నీ రాతేనా?"

"అన్నీ నావేనండి."

"నీ సర్వీసు రికార్డు కూడానా?"

జంబుకరావు తోక కిందికి జారింది.

తీర్పు వచ్చింది. రికార్డులన్నీ కల్పితాలు, రచయిత జంబుకరావు. అతని కల్పిత ఉద్యోగానికి జీతమూ లేదు, పింఛనూ లేదు.

"మరి నా కాపీ అండీ?" అంది రవణి.

"నీదీ కల్పితమే అయిపోయింది కదమ్మా," అన్నాడు ఏనుగు బాధగా.

రవణి ఉత్త చేతులతోనే పక్క అడవికి వెళ్లింది. ఆఫీసు గుమ్మం ముందు బుసలు కొడుతున్న త్రాచును అందరూ చూస్తుండగా ఒక్క పట్టు పట్టి చంపింది. చూసినవాళ్లు శభాష్ అన్నారు.

లోపల గుమాస్తా కుర్చీలో జంబుకరావు కూర్చుని ఉన్నాడు. రచయిత అని కోర్టే రాసిచ్చిన తీర్పు చూసి, ముందు రోజే ఉద్యోగమిచ్చారు.

"చంపావమ్మా, కళ్లారా చూశాం," అన్నాడు. "చంపగలవని కాగితం ఏదీ?"

నీతి: పని చేసినవాళ్లు సాక్ష్యం తెచ్చుకోవాలి, చేయనివాళ్లకు శైలి ఉంటే చాలు.