ఎడమ చెవి కొస

ఆ ఏడాదిని ప్రభుత్వం 'జవాబుల సంవత్సరం'గా ప్రకటించింది. ఇకపై దేశంలో జవాబు లేని ప్రశ్నంటూ ఉండదనీ, అవసరమైతే ప్రశ్న లేని జవాబులు ఇవ్వడానికి కూడా వెనకాడబోమనీ సభానాయకుడు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. సభలో చెప్పాడు కాబట్టి అది నిజమే అయి ఉండాలి. సభలో అబద్ధం చెప్పడం చాలా పెద్ద నేరం. అందుకే ఆ సభలో ఇంతవరకు ఎవరూ అబద్ధం ఆడినట్టు దాఖలా లేదు.

టీవీలో ఈ వార్త వచ్చేసరికి మిషనమ్మ ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. కుట్టుమిషను మీద బతుకుతోంది కాబట్టి వీధిలో అందరికీ ఆవిడ మిషనమ్మ. చదువు అంతంత మాత్రం. భయపడటంలో మాత్రం ఆవిడకి తెలియని పాఠం లేదు. ఫోను మోగితే ముందు నేల మీద కూర్చుని, ఆ తర్వాత ఎత్తుతుంది. కళ్ళు తిరిగే వార్త అయితే పడటానికి ఎత్తు తక్కువ ఉంటుందని.

ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సరుకుల ఓడలో ఇంజను దగ్గర హెల్పరు. ఆ ఓడ ఇంజను నడిసముద్రంలో మొరాయించింది. ఓడ కొట్టుకుపోయి పక్కదేశం నీళ్ళలోకి వెళ్ళింది. వాళ్ళు అందరినీ పట్టుకుని ఒడ్డున ఒక షెడ్డులో పెట్టారు. "కంగారు పడాల్సిందేమీ లేదమ్మా" అని ఓడ కంపెనీవాళ్ళు ఫోను చేశారు. ఆవిడ కంగారు అప్పుడే మొదలైంది. కంగారు పడాల్సింది లేకపోతే ఎవరైనా పనిగట్టుకుని ఫోను చేస్తారా? వాడికి చేప వాసన పడదు. సముద్రం ఒడ్డున షెడ్డులో ఇంకేం పెడతారు? వాడు నిద్రలో కాళ్ళు విదిలిస్తాడు. అక్కడి కాపలావాడికి తగిలితే?

"వదినా, జవాబుల సంవత్సరం అంటున్నారు కదా" అంది పక్కింటి ఇస్త్రీ ఆవిడ. "ఎవరో ఒకరు అడిగితే వాళ్ళు చెప్పి తీరాలిగా. మన మెంబరు దగ్గరికెళ్ళు."

ఆ నియోజకవర్గపు సభ్యుడికి పత్రికలవాళ్ళు పెట్టిన పేరు సప్లిమెంటరీ గారు. మంత్రి ఏ జవాబు చెప్పినా లేచి, సప్లిమెంటరీ అంటూ ఇంకో చిన్న ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్నతో మంత్రి ముఖం ఇంకాస్త వెలుగుతుంది. ఈ కళలో ఆయన్ని మించినవాడు రెండు పక్షాల్లోనూ లేడు.

"మా అబ్బాయి ఎప్పుడొస్తాడో అడగండి బాబూ. అంతే" అంది మిషనమ్మ.

"అలా అడక్కూడదమ్మా. అలా అడిగితే మంత్రి గారు చెప్పాల్సి వస్తుంది."

"చెప్పాలనే కదా బాబూ..."

"సభకో మర్యాద ఉంది. నువ్వు కూర్చో" అని ఆయన కాగితం తీశాడు. "ముందు ఇది ఏ శాఖదో తేల్చాలి. ఓడ మనది కాబట్టి అంతర్గత వ్యవహారాలు. నీళ్ళు వాళ్ళవి కాబట్టి విదేశాంగం. పట్టుకునేటప్పటికి మీవాడు ఓడలో ఉన్నాడా, నీళ్ళలో ఉన్నాడా?"

"నీళ్ళలోనా!" అని ఆవిడ కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుంది.

"అయితే విదేశాంగమే" అని రాసుకుని, ప్రశ్న తయారుచేసి చదివి వినిపించాడు. "అ. కొందరు నావికులు పొరుగు దేశంలో పట్టుబడిన మాట వాస్తవమేనా? ఆ. వాస్తవమైతే తీసుకున్న చర్యలేమిటి? ఇ. వాస్తవం కాకపోతే తీసుకున్న చర్యలేమిటి?"

"వాస్తవం కాకపోతే చర్యలెందుకు బాబూ?"

"ప్రభుత్వమన్నాక అన్నిటికీ సిద్ధంగా ఉండాలి కదమ్మా!"

ఆ ముందుచూపుకి మిషనమ్మ రెండు చేతులూ జోడించింది. ఆయనే దయతలచి గ్యాలరీకి పాసు కూడా ఇప్పించాడు.

సభ భవనం గుమ్మంలో పోలీసమ్మ మిషనమ్మ జాకెట్టుకి గుచ్చి ఉన్న సూదిని ఆయుధం కింద జమకట్టి తీసేసుకుంది. దారం ఉంచుకోవచ్చంది. గ్యాలరీలో దగ్గితే బయటికి పంపేస్తారని ఎవరో చెప్పగా, ఆవిడకి అప్పటివరకు లేని దగ్గు గొంతులోకి వచ్చి కూర్చుంది. నోట్లో చీర కొంగు కుక్కుకుని కిందకి చూసింది.

ఇక్కడ ఆ సభ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. జవాబుల సంవత్సరం కదా అని అన్ని శాఖల జవాబుల్నీ ఒకే రకం నీలం ఫోల్డర్లలో పెట్టి, పైన బంగారు అక్షరాలతో 'జవాబు' అని అచ్చు వేయించారు. మంత్రులు ఆ ఫోల్డరుని లేచి నిలబడేదాకా తెరవరు. ముందే తెరిచి చూస్తే కిందివాళ్ళ మీద నమ్మకం లేనట్టు అవుతుంది. అంత పెద్దమనసు ఉన్న మంత్రులు వేరే దేశాల్లో ఉన్నారో లేదో తెలియదు.

ఆరోజు విదేశాంగ మంత్రి, అంతర్గత వ్యవహారాల మంత్రి పక్కపక్కనే కూర్చున్నారు. ఆయనకి ఓడ ప్రశ్న, ఆవిడకి వీధికుక్కల ప్రశ్న. ఫోల్డర్లు రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయి.

సప్లిమెంటరీ గారు లేచి నావికుల గురించి అడిగాడు. విదేశాంగ మంత్రి చేతికందిన ఫోల్డరు తెరిచి గంభీరంగా చదివాడు.

"అధ్యక్షా! వీటి బెడద ఈమధ్య ఎక్కువైన మాట వాస్తవమే. వలలు వేసి పట్టుకుంటున్నాం. పట్టుకున్నవాటికి ఆపరేషను చేసి, టీకా వేసి, గుర్తు కోసం ఎడమ చెవి కొస కత్తిరించి, ఎక్కడ పట్టుకున్నామో అక్కడే వదిలేస్తున్నాం. ప్రజలు వీటికి వీధుల్లో తిండి పెట్టవద్దని మనవి."

బల్లలు మోగాయి. సప్లిమెంటరీ గారు మళ్ళీ లేచాడు. "ఆ టీకా స్వదేశీయా, విదేశీయా?"

"పూర్తిగా స్వదేశీ, అధ్యక్షా!"

బల్లలు విరిగేలా మోగాయి. ప్రతిపక్ష నాయకుడు ఊరుకుంటాడా? "అధ్యక్షా, ఈ పథకం మాది! మా హయాంలో రెండు చెవులూ కత్తిరించాం. వీళ్ళు ఒక చెవికి తగ్గించి ప్రజల్ని మోసం చేస్తున్నారు!" అని తనవాళ్ళందర్నీ తీసుకుని బయటికి నడిచాడు.

తర్వాత వంతు కుక్కలది. పిక్కకి కట్టుతో ఉన్న సభ్యుడు కుంటుతూ లేచి, తన వీధిలో తనకే రక్షణ లేదని వాపోయాడు. అంతర్గత వ్యవహారాల మంత్రి మిగిలిన ఫోల్డరు తెరిచింది. "అధ్యక్షా! వాళ్ళు మన బిడ్డలు. దారి తప్పి పరాయివాళ్ళ చేతుల్లో పడ్డారు. వాళ్ళ తరఫున వాదించడానికి వకీలుని పెట్టాం. దుప్పట్లు పంపాం. చివరి బిడ్డ క్షేమంగా తల్లి ఒడి చేరేవరకు ఈ ప్రభుత్వం నిద్రపోదు."

పిక్కకి కట్టు ఉన్న సభ్యుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆవేశపడి తన బిడ్డ మీదే ఫిర్యాదు చేసినందుకు సభకి క్షమాపణ చెప్పుకున్నాడు.

అప్పటిదాకా మిషనమ్మ గొంతులో ఆగిన దగ్గు, కేక అయి వచ్చింది. "బాబూ! అది కుక్కల కాగితం! మావాడిది ఆవిడ చదివేశారు!"

సభ అంతా తలెత్తి చూసింది. గ్యాలరీలోంచి మాట్లాడటం సభకే అవమానం కాబట్టి ఇద్దరు మనుషులు వచ్చి మిషనమ్మని మర్యాదగా మోసుకెళ్ళారు.

బయట వరండాలో ఒక ఆఫీసరు ఆవిడకి మంచినీళ్ళు ఇచ్చాడు. సభలో మంత్రులు ఇచ్చిన హామీలు అమలయ్యేలా చూడటం ఆయన ఉద్యోగం. అందరూ ఆయన్ని హామీల ఆఫీసరు అంటారు.

"నువ్వన్నది నిజమేనమ్మా. ఫోల్డర్లు తారుమారయ్యాయి. నేనూ చూశాను."

"అమ్మయ్య! మరి మార్చి చదివించండి బాబూ."

"ఎలా కుదురుతుంది? తప్పు చదివామంటే సభలో అబద్ధం చెప్పినట్టేగా. ఇంతవరకు ఆ మచ్చ లేదు."

"మరి ఇప్పుడు..."

"ఇప్పుడు చెప్పిన మాటని నిజం చెయ్యాలి. అదే నా పని."

"అంటే మావాడికి ఆ... ఆ ఆపరేషను..."

"ధైర్యంగా ఉండమ్మా. స్వదేశీ టీకా కూడా ఉంది" అని ఆయన వెళ్ళిపోయాడు.

మిషనమ్మ పరుగున సప్లిమెంటరీ గారి దగ్గరికెళ్ళింది. అద్భుతమైన చర్చ జరిపించినందుకు ఆయన చేతుల నిండా పూలగుత్తులున్నాయి.

"కనీసం ఆ చెవి ఒక్కటైనా తీసేయించండి బాబూ."

"అదే కదమ్మా వాళ్ళు చేసేది."

"అయ్యో, ఆ మాట తీసేయించమంటున్నాను! చెవి ఉంచెయ్యమని!"

"ఓ, అదా! మాట వెనక్కి తియ్యడం కష్టం. కొస అంటే ఎంత అని కావాలంటే ఒక సప్లిమెంటరీ వేస్తాను. నీ కోసం."

ఆ తర్వాత పనులు జరిగిన వేగం చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పక్కదేశానికి ఉత్తరం వెళ్ళింది. అక్కడివాళ్ళు చదివి ముందు తెల్లబోయి, తర్వాత ముచ్చటపడ్డారట. ఇంతకాలం అందరూ వాళ్ళని క్షమాపణ చెప్పమని అడిగినవాళ్ళే. టీకా వేసి వదిలెయ్యమని ఒక ప్రభుత్వం అడగడం వాళ్ళ చరిత్రలోనే లేదట. 'తప్పకుండా, వలలు మీరు పంపుతారా, మావి వాడమంటారా?' అని జవాబు రాశారు.

ఇటు మిషనమ్మ వీధి చివర ఉండే నల్లకుక్క దశ తిరిగింది. వల పట్టుకుని తిరిగేవాడు దుప్పటి పట్టుకుని వచ్చాడు. వెనకే నల్లకోటు వేసుకుని వకీలు వచ్చాడు. నల్లకుక్క ఆయన కోటు అంచు కొరికింది. "వాంగ్మూలం ఇచ్చింది" అని ఆయన రాసుకుని వెళ్ళాడు. తల్లి ఎక్కడ, ఒడి చేర్చాలి అని ఇద్దరు గుమాస్తాలు వీధంతా వాకబు చేశారు. చివరికి మిషనమ్మ గుమ్మంలోనూ నిలబడ్డారు.

"నేను మావాడి తల్లినయ్యా" అందావిడ.

"అయితే నువ్వు లిస్టులో లేవు" అని ముందుకు సాగిపోయారు.

మిషనమ్మ ఇక చేసేదేం లేక ఒక టోపీ కుట్టింది. రెండు పక్కలా చెవుల మీదకి దిగేలా, లోపల మెత్తటి గుడ్డ వేసి, గడ్డం కింద ముడి వేసుకునేలా. పుండు మానేదాకా గుడ్డ ఒరుసుకోకూడదు కదా. ఎడమవైపు మెత్తదనం కాస్త ఎక్కువ పెట్టింది. కుడుతున్నంతసేపూ ఏడ్చింది కానీ కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోలేదు.

ఒక మధ్యాహ్నం కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. పట్టుకున్న చోటే వదిలారట, అంటే నడిసముద్రంలో. దారిన పోయే చేపల పడవ ఒకటి వాళ్ళ ఓడని లాక్కొచ్చిందట. మిషనమ్మ కొడుకు మెడ చుట్టూ చేతులు వేసి, ముందు కుడి చెవి తడిమింది. తర్వాత కళ్ళు మూసుకుని ఎడమది తడిమింది.

"ఉందిరా!"

"ఏముందే?"

"కొస!"

"ఓ, అదా. వాళ్ళు నిజంగానే కత్తిరించబోయారమ్మా. తీరా చూస్తే కత్తెర్ల టెండరు ఖరారు కాలేదట. టీకా వేసి, 'అన్నీ చేశాం' అని రాసేసి వదిలేశారు. వాళ్ళూ మనలాంటివాళ్ళేనే, పాపం."

"మరి ఆపరేషనో?"

"అమ్మా! అన్నం పెట్టు."

ఆవిడ పొయ్యి వెలిగించింది. ఎన్నాళ్ళకో ఒక పూట భయపడటానికి ఏమీ దొరకలేదు. వడ్డించి, కుట్టిన టోపీ ఊరికే పోతుందెందుకని కొడుకు తలకి పెట్టి చూసుకుంది. వాడు నవ్వి అలాగే ఉంచుకుని తింటున్నాడు.

తలుపు దగ్గర ఎవరో దగ్గారు. హామీల ఆఫీసరు. చేతిలో కెమెరా.

"తిరిగొచ్చినవాళ్ళని ఒకసారి చూసి సభకి నివేదిక ఇవ్వాలమ్మా. చెవి చూస్తే చాలు. చెవి అయితే మిగతావి అయినట్టే" అన్నాడు. టోపీ తీయించి, వంగి చూసి, చాలా బాధపడ్డాడు. "అయ్యో, కొస ఉందే!"

"ఉంటే మంచిదే కదా బాబూ."

"సభలో చెప్పిన ప్రకారం, వదిలేసినవాళ్ళకి ఎడమ చెవి కొస ఉండదు. ఈ అబ్బాయికి ఉంది. కాబట్టి ఈ అబ్బాయిని ఇంకా వదల్లేదు."

"ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు కదయ్యా!"

"కనిపిస్తున్నాడమ్మా, కాదనను. కానీ రాలేదు." ఆయన గొంతులో నిజమైన సానుభూతి ఉంది. "రాని మనిషిని ఇక్కడ ఉంచలేం. సాయంత్రం పడవలో అక్కడికి పంపించేస్తాం. టెండరు ఖరారయ్యాక పద్ధతిగా వస్తాడు. ఒక ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. కంగారు పడాల్సిందేమీ లేదు."

కొడుకు నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. తల్లి వైపు చూశాడు.

మిషనమ్మ నేల మీద కూర్చోలేదు. కుట్టుమిషను దగ్గరికి నడిచింది. సొరుగు లాగి, గుడ్డలు కోసే పెద్ద కత్తెరని పక్కన పెట్టి, గుండీల కాజాలకి వాడే చిన్న కత్తెర తీసింది. దీపం మీద కాల్చింది. కొంగుతో శుభ్రంగా తుడిచింది. వచ్చి కొడుకు పక్కన కూర్చుని, వాడి తలని తన భుజానికి ఆనించుకుంది.

"కొస అంటే ఎంత బాబూ?" అని అడిగింది.

ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. మొదట్నుంచి చివరిదాకా, మళ్ళీ చివరినుంచి మొదటిదాకా.

"అది ఇంకా తేలలేదమ్మా" అన్నాడు. "సప్లిమెంటరీ పెండింగులో ఉంది."