కష్టపడినట్టు సాక్ష్యం

ఇలా దగ్గరికి జరగండి. కుర్చీ లేకపోతే మంచం అంచు ఉంది, కూర్చోండి. నేను చెప్పబోయేది లోకం నడిచే తీరు గురించి. ఏ పనైనా రెండు రకాలుగా చేయవచ్చు. కష్టంగా చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. సులువుగా చేయాలంటే మాత్రం పై అంతస్తుకు వెళ్లి ఒక అధికారిని కలవాలి. (లిఫ్టు పనిచేయదు. అది బాగుచేయడానికి మా అబ్బాయే వెళ్లాడు. మరమ్మతు ఉత్తర్వు పైన ఉంది, లిఫ్టులో వచ్చి తీసుకెళ్లమన్నారట.)

మా అమ్మాయి కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటాం. పెన్సిలు దొరికితే గోడనీ వదలదు, గుమ్మాన్నీ వదలదు. ఇళ్లకు ప్లాన్లు గీసే చదువు చదవాలని దాని కోరిక. సీటు కూడా వచ్చింది. లెక్కల్లో పాసైనట్టు కాగితం తెస్తే చాలు, నెలాఖరు దాకా సీటు అట్టే పెడతామన్నారు. తక్కినవన్నీ ఉన్నాయి, ఆ కాగితమే లేదు.

దానికి అడ్డం పడింది త్రికోణమితి. సైను, కాసు, టాను అని ముగ్గురు అన్నదమ్ములట. వాళ్లను తలకిందులు చేస్తే మరో ముగ్గురు పుడతారట. ఈ కుటుంబమంతా ఏ కోణం దగ్గర ఎంత తూగుతుందో ఒక పట్టిక ఉంటుంది. అది నోటికి రానిదే ఏ త్రిభుజమూ తలుపు తీయదు. పిచ్చుక రెండుసార్లు తలుపు తట్టింది, రెండుసార్లూ తప్పింది.

అప్పుడు దాని మేనమామ, అంటే లిఫ్టులు బాగుచేసే మా అబ్బాయి, రంగంలోకి దిగాడు. దగ్గరి దారి వెతకడం వాడికి పుట్టుకతో వచ్చిన జబ్బు. చిన్నప్పుడు గుమ్మం ఉండగా కిటికీలోంచి బడికి వెళ్లేవాడు. ఎక్కడో లిఫ్టు ముందు సామాను కోసం ఎదురుచూస్తూ ఫోనులో ఒక పాఠం విన్నాడట, కోణాలు లేకుండానే త్రిభుజాల లెక్కలు చేయవచ్చని. ఇంటికొచ్చి వంటగది గచ్చు మీద సుద్దముక్కతో పిచ్చుకకు చూపించాడు. నేను పక్కనే కూరగాయలు తరుగుతున్నాను. చెవులు మూసుకోలేదు కాబట్టి నాక్కూడా వచ్చేసింది.

పరీక్షలో పిచ్చుక జవాబులన్నీ గబగబా రాసేసి, బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది. దాంతో వచ్చింది చిక్కు. కొన్నాళ్లకు గణిత కాఠిన్య పరిరక్షణ విభాగం నుంచి తాఖీదు వచ్చింది. 'మీ జవాబులన్నీ సరైనవి. కావున ఫలితం నిలిపివేయడమైనది. జవాబు సరైనది కావడం ఒక్కటే జవాబు సరైనదనడానికి ఆధారం కాజాలదు. అభ్యర్థి తగినంత కష్టపడినట్టు ఇంటి పెద్దలలో ఒకరు హాజరై సాక్ష్యమివ్వవలెను.'

ఇంటి పెద్దను నేనే. మా అమ్మాయి రాత్రంతా కూర్చోబెట్టి నేర్పింది. పిల్ల తిండి మానేసిందని చెప్పమంది, నిద్రలో ఉలిక్కిపడిందని చెప్పమంది. పిచ్చుకను కూడా అధికారి ముందు కాస్త కన్నీళ్లు పెట్టుకోమంది.

"ఏడుపు రావట్లేదమ్మా," అంది పిచ్చుక. "లెక్క బాగుంది కదా."

కాఠిన్యాధికారి మంచివాడే. (చెడ్డవాళ్లతో ఇన్ని ఇబ్బందులుండవు. తిట్టి పంపేస్తారు.) కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పిచ్చుక ఎంత బాధపడిందో నన్నే చెప్పమన్నాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఒకరు అడగడం అదే మొదలు. నేర్పిన ముక్కలన్నీ మరిచిపోయాను.

"బాధెందుకు బాబూ," అన్నాను. "నాక్కూడా వచ్చేసిందది."

మా అమ్మాయి నా కాలు తొక్కింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

"మీరు ఎంతవరకు చదువుకున్నారు పెద్దమ్మగారూ?"

"ఐదో తరగతి పుస్తకాలు కొన్నారు నాయనా. తెరవడానికి వీలు పడలేదు."

ఆయన మర్యాదగా, మీకొచ్చింది చెప్పండి అన్నాడు. నేనూ మర్యాదగానే చెప్పాను. గోడకు నిచ్చెన వేశారనుకో. గోడ, నేల, నిచ్చెన, మూడూ కలిస్తే త్రిభుజం. మూడు పక్కల మీదా మూడు చదరపు గుడ్డలు పరిచినట్టు అనుకో. గోడ గుడ్డా నేల గుడ్డా కలిపితే నిచ్చెన గుడ్డకు సరిగ్గా సరిపోతాయి. ఇక నిచ్చెన ఎంత నిటారుగా ఉందో చెప్పాలంటే, నిచ్చెన గుడ్డలో గోడ గుడ్డ ఎన్నో వంతో చెబితే చాలు. డిగ్రీలూ వద్దు, పట్టికా వద్దు.

ఆయన శ్రద్ధగా విని రాసుకుని, రాసింది చదివి వినిపించాడు. 'సాక్షికి కూడా అర్థమైనది. కావున ఇది గణితం కాకపోవచ్చును.'

మా అమ్మాయి నన్ను వదిలేసి గబగబా మెట్లు దిగిపోయింది. సీటుకు ఇంకో వారమే గడువు. పిచ్చుకే నా చెయ్యి పట్టుకుని దింపింది.

"పోనీలే అమ్మమ్మా," అంది. "నువ్వు చెప్పింది కరెక్టే."

దాని గొంతు మాత్రం బాగాలేదు. ఆ గొంతేదో పైనున్నప్పుడే అలా ఉండుంటే పని జరిగేది.

అయితే ఆ విభాగంలో ఏదీ ఊరికే కొట్టేయరు. కొట్టేసే ముందు నిపుణుల సంఘం చూడాలని నియమం. కోణాలకే జీవితం ధారపోసిన ముగ్గురు పెద్దలు వచ్చి కూర్చున్నారు. పిచ్చుకను బోర్డు ముందు నిలబెట్టారు. ఈసారి నన్ను నోరు తెరవకూడదన్న షరతు మీద వెనక బెంచీలో కూర్చోబెట్టారు.

మొదటి పెద్దాయన ఇందులో కోణం ఎక్కడుందని అడిగాడు. లేదండీ అంది పిచ్చుక. లేదంటే ఎక్కడ లేదో చూపించమన్నాడు. అది బోర్డంతా చూపించింది.

రెండో ఆయన మరీ శ్రద్ధాపరుడు. పిచ్చుక చెప్పిన వంతు పట్టుకుని, దానికి తగిన కోణం పట్టికలో వెతికి, ఆ కోణానికి సైను తీసి, ఆ సైనును దానితోనే హెచ్చవేసి, చివరికి మళ్లీ ఆ వంతు దగ్గరికే వచ్చి చేరాడు. ముక్కేదిరా అంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించినట్టు. సరిపోయిందని చెప్పి, ఎందుకు సరిపోయిందో తెలియక దిగులుపడ్డాడు.

మూడో ఆయన మంచినీళ్లు తాగి, చాలాసేపు బోర్డు వంక చూశాడు.

"నాకు అర్థం కావట్లేదు తల్లీ," అన్నాడు. "ఇన్నేళ్లుగా చెబుతున్నాను, ఇలాంటిది చూడలేదు."

గుడ్డల సంగతి చెబుదామని నేను లేవబోయాను. మా అమ్మాయి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పాపం ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కాఠిన్యాధికారి ముందుకు వంగి వాటిని నమోదు చేసుకున్నాడు.

తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. 'ఈ పద్ధతి అనుభవజ్ఞులైన నిపుణులకు సైతం బోధపడలేదు. వారిలో ఒకరు కన్నీరు పెట్టడం జరిగినది. కావున ఇది ఉన్నత గణితమని తేల్చి, అభ్యర్థిని ఉత్తీర్ణురాలిగా ప్రకటించడమైనది.' పిచ్చుక పాసైంది. గడువులోపే చదువులో చేరింది. ఇప్పుడు గోడల మీద గీస్తే ఎవరూ ఏమీ అనడం లేదు.

ఆ ముగ్గురు పెద్దలే కూర్చుని, దాని పద్ధతిని పాఠ్యాంశంగా చేశారు. 'సులభ త్రికోణమితి' అని రెండు సంపుటాలు. అందులో చేరాలంటే ముందు కఠిన త్రికోణమితి పాసై ఉండాలి. వంతులన్నిటికీ ఒక పట్టిక వేశారు, అది నోటికి రావాలి. పిచ్చుక మొదటి పేజీ నాకు చదివి వినిపించింది. నాకు అర్థం కాలేదు. దాన్ని అడిగితే, తనకూ కాలేదంది. పక్కింటి పిల్ల అందులో ఇప్పటికే ఒకసారి తప్పిందట. వాళ్లమ్మ గర్వంగా చెప్పుకుంటోంది, చాలా గట్టి సబ్జెక్టని.

ఇదీ సంగతి. మరిచిపోకండి, నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం మధ్యమధ్యలో కాస్త అర్థం కాకుండా చెప్పండి. అంతా అర్థమైపోతే ముసలమ్మ కబుర్లనుకుంటారు.