కూకెన్ బిల్లుకు నూటికి నూరు

శాసనసభ సమావేశాలు ముగిసిన మర్నాడు, శనివారం ఉదయం డెల్మర్ వాల్ట్‌నర్ వేసుకున్న పథకం చిన్నది. కాఫీ చల్లారేలోగా శాసనసభ్యులకు మార్కులు వేసెయ్యాలి, తర్వాత ట్రాక్టరుకు నూనె మార్చాలి. మార్చి నెలలో అమెరికాలోని దక్షిణ డకోటాలో పొలం ఇంకా మంచు కిందే ఉంటుంది. ప్రభుత్వాన్ని అనుమానించడానికి రైతుకు కావలసినంత తీరిక.

డెల్మర్ చర్చిలో సంఘపెద్ద. రాజ్యాంగ కాపలా సంఘానికి అధ్యక్షుడు కూడా. ప్రభుత్వాన్ని హద్దులో ఉంచేలా ఓటేసిన సభ్యులకు మార్కులు, హద్దు దాటనిచ్చినవారికి సున్నాలు వేసి, ఆ సంఘం ఏటా ఇంటింటికీ ఒక కార్డు పంపుతుంది. జూన్‌లో పార్టీ అభ్యర్థులను ఎన్నుకునే రోజు చాలామంది ఆ కార్డు జేబులో పెట్టుకునే వెళతారు.

ఆ నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఒకరు డెల్మర్ సొంత చెల్లెలు ఆర్డిత్. బంధుత్వం అడ్డురాకూడదని అతను ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు. బిల్లులన్నీ జనవరిలోనే చదివి, ప్రార్థన చేసి, దేనికి ఏ ఓటు సరైనదో రాసిపెడతాడు. ఓట్లు పడ్డాక పేర్లు చూసి మనసు మార్చుకోవడం ఉండదు. కార్డులు ఇళ్ళకు చేరేదాకా చెల్లెలితో బిల్లుల ఊసెత్తడు, ఆమెను ఎత్తనివ్వడు.

"ఆ కాగితాలు తీస్తావా డెల్మర్? పిండి వత్తుకోవాలి," అంది భార్య లవాన్.

"ఒక్క బిల్లే మిగిలింది. అదీ నీదే."

లవాన్ మీగడా పళ్ళూ పరిచి కాల్చే కూకెన్ అనే తీపి రొట్టెలను ఆ చుట్టుపక్కల ఎరగనివారు లేరు. ఇంట్లో కాల్చిన కూకెన్ అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనే 1147 నంబరు బిల్లును సభ్యులను బతిమాలి పెట్టించింది డెల్మరే. మనిషి వంటగదిలోకి ప్రభుత్వం రాకపోవడమే స్వేచ్ఛకు పునాది అని ఆ ఒక్క బిల్లుకే సగం మార్కులు కేటాయించాడు. జనవరిలో దాని పక్కన 'అవును' అని రాసుకున్నాడు.

ఇప్పుడు ఓట్ల జాబితా చూసి కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఆర్డిత్ 'కాదు' అంది. రెండో సభ్యుడు రాలీ వాస్ 'అవును' అన్నాడు. ప్రతి చిన్న పనికీ ఓ కొత్త కార్యాలయం కావాలనే ఆ రాలీకి డెల్మర్ ఏనాడూ పాస్ మార్కు వేసి ఎరగడు.

"ఎవరో మన ఆర్డిత్‌ను కొనేశారు," అన్నాడు.

"నీ చెల్లెలు పాత కోటే పదేళ్ళుగా తొడుగుతోంది. కొన్నవాళ్ళు ఏమిచ్చారట?"

"అదే తెలుసుకోవాలి."

మర్నాడు ఆదివారం ఆరాధన తర్వాత చర్చి నేలమాళిగలో విందు. భోజనానికి ముందు ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నారు. డెల్మర్ ఒక కన్నే మూశాడు. తెరిచిన కంటికి ఆర్డిత్ తెచ్చిన కూకెన్ కనిపించింది. దాని అట్టపెట్టె మీద పట్నంలోని పెద్ద బేకరీ ముద్ర ఉంది, ఇళ్ళలో కాల్చి అమ్మితే నష్టపోయే బేకరీ. ఆ కుటుంబంలో మూడు తరాలుగా ఎవరూ కొన్న కూకెన్ చర్చికి తేలేదు. అతనికి ప్రార్థన మిగతాది వినిపించలేదు.

"ఈసారి కూకెన్ కొన్నట్టున్నావే," అన్నాడు వరుసలో వెనక నిలబడి.

"కొన్నానన్నయ్యా. ఎందుకు కొనాల్సొచ్చిందో చెబుదామంటే నువ్వు వినవుగా. కార్డులు రానీ, చెబుతాను."

ఆమె మాట తన కట్టుబాటుకు ఇచ్చిన మర్యాద అని అతనికి తట్టలేదు. దోషి నోరు కట్టేసుకుంది అనుకున్నాడు. ఆ సాయంత్రం కాపలా సంఘం కోశాధికారి మార్విన్ ఫోన్ చేశాడు.

"చెప్పకూడదు గానీ, నిన్న పొద్దున మీ చెల్లెలి బండి బేకరీ వెనకాల ఆగి ఉంది. అట్టపెట్టె ఒకటి లోపల పెట్టుకుని జోరుగా వెళ్ళిపోయింది."

దానితో సాక్ష్యాలు రెండయ్యాయి. రెండూ ఒకే కూకెన్‌వి. అయినా అనుమానానికి లెక్కలు వేరు.

ఈసారి మిగతా ఓట్లు కూడా కలిసొచ్చి రాలీకి పడ్డ నూరు మార్కులను మాత్రం ఎవరూ అనుమానించలేదు. "మారుమనస్సు పొందాడు. మన ప్రార్థనలు వృథా పోలేదు," అన్నాడు డెల్మర్. కార్డులు అచ్చయి, సంఘం వసంతకాలపు విందు రోజు ఉదయమే ఇళ్ళకు చేరాయి. ఆర్డిత్‌కు యాభై. రాలీకి ఆ విందులో 'రాజ్యాంగ సంరక్షకుడు' అని చెక్కించిన కొయ్య ఫలకం.

విందు రోజు బల్లల మీద వేయించిన గొర్రెమాంసం ముక్కలు, పళ్ళెంలో గుచ్చుకు తినే పుల్లలు. ఆర్డిత్ కూడా వచ్చి వెనక బల్ల దగ్గర కూర్చుంది. రాలీ ఫలకం అందుకుని మైకు పట్టుకున్నాడు.

"నిజం చెప్పాలంటే, మీరు నన్ను ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. 1147 నా బిడ్డలాంటిది. చివరి వారంలో నేనే తిరగరాశాను. జూలై నుంచి కూకెన్ కాల్చి అమ్మే ప్రతి ఇంటి వంటగదినీ తనిఖీ చేయడానికి ఓ కొత్త విభాగం వస్తోంది. మార్కులు వేసి కార్డు తలుపుకు అంటిస్తారు. ఇంత చక్కటి విభాగాన్ని మీ సంఘం మెచ్చుకుంటుందని కలలో కూడా అనుకోలేదు."

పుల్లలన్నీ గాలిలోనే ఆగిపోయాయి.

"అందులో అలా లేదు. నేను అక్షరం అక్షరం చదివాను," అన్నాడు డెల్మర్.

"జనవరిలో చదివావన్నయ్యా," అంది ఆర్డిత్. "మార్చిలో దాన్ని పందులకొట్టం చేశారు."

బిల్లులో ఉన్నదంతా తీసేసి, నంబరు మాత్రం ఉంచి, కొత్తది కూరడానికి ఆ రాష్ట్ర రాజధానిలో పెట్టుకున్న పేరు అది. ఎప్పుడో నిజంగానే ఒక పందులకొట్టం బిల్లుకు అలా జరిగిందట. డెల్మర్‌కు ఆ సంగతి తెలుసు. తన బిల్లుకు జరుగుతుందనుకోలేదు.

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"ఊసెత్తితే లేచి వెళ్ళిపోతానన్నది ఎవరు?"

"మరి ఆ బేకరీ కూకెన్?"

"శుక్రవారం అర్ధరాత్రి దాకా ఆ బిల్లును ఆపడానికే సభలో కూర్చున్నాను. ఇంటికొచ్చి ఎప్పుడు కాల్చను? పైగా అది ఎండిపోయి ఉంది. అది తినడమే శిక్ష, వేరే శిక్షెందుకు?"

లవాన్ తన కూకెన్ ముక్కను భర్త పళ్ళెంలోంచి వెనక్కి తీసుకుంది.

డెల్మర్ లేచి మైకు తీసుకుని, తప్పు తనదనీ, ఆర్డిత్‌కే నూరు రావాలనీ చెప్పాడు. ఫలకం తిరిగి ఇమ్మని రాలీని అడిగాడు.

"చెక్కింది నా పేరు కదా, మీరేం చేసుకుంటారు?" అన్నాడు రాలీ ఎంతో మర్యాదగా.

మర్నాటి నుంచి డెల్మర్ బురద రోడ్లమీద ఇంటింటికీ తిరిగాడు. ప్రతి గడపలో అదే ప్రశ్న.

"అచ్చేశాక మార్కులు మారుస్తున్నావా? సొంత చెల్లెలనా?"

"కాదండీ, బిల్లు మారింది."

"ఊఁ," అనేవారు, ఒక కన్ను మూసి చూస్తూ. ఆ చూపు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. ఎదుట నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. రాత్రి మోకరించినప్పుడు, ప్రభువు మనుషులకు మార్కులు వేసేటప్పుడు ఏది చదువుతాడో, ఎన్నిసార్లు చదువుతాడో అని ఆలోచన వచ్చేది.

జూన్‌లో ఆర్డిత్ పంతొమ్మిది ఓట్లతో గట్టెక్కింది. ఫలకంతో ఫొటో దిగి పంచిపెట్టిన రాలీ అందరికన్నా ముందు నిలిచాడు.

జూలైలో తనిఖీ అధికారిణి వచ్చింది. లవాన్ వంటగదికి తొంభై ఎనిమిది వేసింది. రెండు మార్కులు పిండి వత్తే బల్ల మీద పేర్చిన పాత కార్డుల కట్టలకు తగ్గించింది.

"ఇది ఎవరిల్లో తెలుసా మీకు?" అన్నాడు డెల్మర్.

"మేం పేర్లు చూడమండీ. దేనికి ఎన్ని తగ్గించాలో ముందే రాసిపెట్టుకుంటాం."

డెల్మర్ కట్టలు ఎత్తి గరాజులో పెట్టి వచ్చాడు. లవాన్ మార్చి నుంచి అడుగుతున్న బల్ల ఆ విధంగా ప్రభుత్వ చర్య వల్ల ఖాళీ అయింది.