మేష్టారి కారుకు వీడ్కోలు సభ

యావన్మందికీ తెలియజేయడమేమనగా, గత ఆదివారం సాయంత్రం మా ఊరి మిషన్ స్కూలు ఆవరణలో కృపారావు మేష్టారి కారుకు వీడ్కోలు సభ దిగ్విజయంగా జరిగింది. సభకు మేష్టారు కూడా వచ్చారు. పౌరసంఘం కార్యదర్శిగా ఈ నివేదిక రాసే బాధ్యత నా మీద పడింది.

మా ఊరు గజపతినగరం నుంచి బొబ్బిలి వెళ్లే దారిలో, రెండు బస్సులు ఆగి మూడోది ఆగకుండా పోయే చోట ఉంది. ఇలాంటి ఊళ్లో కారున్న మనిషి ఎంతటివాడో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మేష్టారు ముప్పయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పారు, నలభయ్యేళ్లు కారు నడిపారు. ఊరు రెండోదాన్నే బాగా గుర్తుపెట్టుకుంది.

పాఠాల్లో మాత్రం ఒకటి మాకందరికీ జ్ఞాపకం. బోర్డు మీద రెండు వాక్యాలు రాసేవారు: ‘ఇది మేష్టారి కారు’, ‘ఈయన మేష్టారు కారు’. “ఒరే, రకారానికి గుడి ఉన్నంతసేపూ నాకు కారుంటుంది. గుడి తీసి కొమ్ము పెట్టారో, నేనే లేకుండా పోతాను” అనేవారు. క్లాసంతా నవ్వేది. రమేష్‌బాబు అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. వాడిప్పుడు ఫ్లెక్సీల షాపు పెట్టుకున్నాడు.

మొదటిది అంబాసిడర్. విజయనగరంలో రిటైరైన తాసీల్దారు గారి దగ్గర కొన్నారు. దాన్ని ప్రార్థనతో ప్రతిష్ఠించడానికి పాస్టరు థామస్ గారు వచ్చారు. అదే సమయానికి మెకానిక్ ఈశ్వర్ వచ్చి నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. మేష్టారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. ప్రార్థన కోసమని పాస్టరు గారు, దండం కోసమని ఈశ్వర్ అనుకున్నారు. ఆమెన్ అనగానే కారు అరడుగు కదిలింది, నిమ్మకాయలు చితికాయి, ఉభయ మతాలూ సంతృప్తి చెందాయి.

ఆ కారు డిక్కీలో రైతు సోములు గోగునార కట్టలు మిల్లుకు వెళ్లాయి. వెనకసీట్లో ఊరి పెళ్లికూతుళ్లందరూ అత్తవారిళ్లకు వెళ్లారు. శుభలేఖల మీద ‘కృపారావు మేష్టారు, కారుతో సహా’ అని రాయడం అప్పుడే మొదలైంది. కొందరు పొదుపరులు ‘కారు’ అని మాత్రమే రాసేవారు. సోములు కూతురు రాజకుమారి పెళ్లిలో మేష్టారు బయటే, కారు పక్కన నిలబడి భోంచేశారు. పిల్లలు దాని మీద గీతలు పెడతారేమోనని అక్కడే ఉండమన్నారు. ఊరు తన మీద ఎంత నమ్మకం పెట్టిందోనని ఆయన పొంగిపోయారు.

రెండోది ఎర్ర మారుతి. ఇది ఊరి అభిప్రాయం తీసుకోకుండా కొన్నది. గోగునార కట్టలు పట్టకపోవడంతో సోములు ఆర్నెల్లు మేష్టారితో మాట్లాడలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికి, భోగాపురంలో విమానాశ్రయం వస్తుందని పేపర్లో పడిన వారంలోపే, ఊరందర్నీ విమానం ఎక్కించాలని ఎనిమిది సీట్ల బండి కొన్నారు. విమానాల కన్నా ముందు బండి వచ్చింది. ఎదురుచూసి చూసి, అది పెళ్లిళ్లు తిరగడంలోనే ముసలిదైపోయింది. చివరిది బూడిదరంగు కారు, ఏసీ ఉన్నది. మేష్టారు ఒక్కరోజూ ఏసీ వేయలేదు. అద్దాలు ఎత్తేస్తే దారిలో ఎవరైనా పిలిచినా వినపడదని ఆయన భయం.

ఈ ఏడాది కంటి డాక్టరు ఆయన్ను స్టీరింగు పట్టుకోవద్దన్నాడు. డెబ్భై అయిదేళ్ల మేష్టారికి కళ్ల గురించి బెంగ లేదు. కారు పోయాక ఊళ్లో తనను పలకరించేవాళ్లుంటారా అన్నదే బెంగ. ఆ మాట భార్య సత్యవతమ్మతో అన్నారు.

“ఏటండీ ఆ మాటలు? కారు పోతే మనిషి పోతాడేటి? ముప్పయ్యేళ్లు పాఠాలు సెప్పినారు, మర్సిపోతారేటి మిమ్మల్ని?” అని ఆవిడ గట్టిగా కసిరింది. ఆ ధైర్యంతోనే మేష్టారు కారును భోగాపురం దగ్గర ప్లాట్లమ్మే మా ఊరి రాబర్ట్‌కు ఇచ్చేశారు.

సభ సంగతికి వస్తాను. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టాం. మధ్యలో కారు, మూలన తపాలాబిళ్లంత మేష్టారు. కింద బంగారు రంగులో: ‘వీడ్కోలు సభ - కృపారావు మేష్టారు కారు’.

మేష్టారు దాన్ని చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

మాజీ ప్రెసిడెంటు జగన్నాధం గారు ఉపన్యసించారు. “సభాసదులారా! ఈ కారు మనకు తల్లి, తండ్రి, గురువు! ఇటువంటి నిస్వార్థజీవి మళ్లీ పుట్టబోదు!” పక్కనే కూర్చున్న గురువు తలూపారు. అనంతరం శాలువా కప్పాం. ఒక్కటే తెచ్చాం కాబట్టి బానెట్‌కు సరిపోయింది.

తాళం చేతులు మారింది. మేష్టారి చుట్టూ ఉన్న జనం తాళం వెంట నడిచారు. సోములు అందరికన్నా ముందున్నాడు. “రాబర్టుబాబూ, వొచ్చే నెల మా మనవరాలి పెళ్లి ఉన్నాది. నువ్వు తప్పకుండా రావాల, కారుతో!”

సత్యవతమ్మ కేకేసింది. “ఒరే సోములూ, మమ్మల్ని ఇంటికాడ దింపమని సెప్పరా ఆ అబ్బాయికి!”

సోములు వెనక్కి తిరిగి నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మీరింకా ఇక్కడే ఉన్నారేటి మేష్టారూ?”

ఇల్లు కిలోమీటరున్నర. మేష్టారు చేతికర్ర తీసుకుని లేచారు. ఫ్లెక్సీ విప్పుతున్న రమేష్‌బాబు అప్పుడు చూసుకున్నాడు తన రాతను. వాడి మొహం మాడిపోయింది. “తప్పయిపోనాది మేష్టారూ! గుడి పెట్టాల్సిన కాడ కొమ్ము పెట్టేసినాను. రేపే దిద్దేస్తాను.”

మేష్టారు వాడి భుజం తట్టారు. “వద్దురా. బళ్లో ఉన్నన్నాళ్లూ నీ నోటుబుక్కులో ఎర్రసిరా పడని పేజీ లేదు. ఇన్నాళ్లకు ఒక్క తప్పు లేకుండా రాశావు.”

ఈ మాట నేను చెవులారా విన్నాను. ఆయన చేత అక్షరాలు దిద్దించుకున్నవాణ్ణే నేనూ. ఆగి ఏదో ఒకటి చెబుదామనుకున్నాను. ఇంతలో రాబర్ట్ హారన్ కొట్టాడు. కారులో ఒక్క సీటే మిగిలింది. దంపతులిద్దరూ కదా, ఒక్క సీట్లో ఎలా పడతారు? అందుకని నేనే ఎక్కాను.

దారిలో వాళ్లను దాటుకునే వెళ్లాం. మేష్టారు కర్ర పైకెత్తినట్టు అనిపించింది. పిలిచారేమో తెలియదు. ఏసీ చల్లగా ఉంది, అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి.