పేరు చెప్పనివాళ్లు

మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన విక్టోరియా ఆ పొద్దున ఒక్క పనే పెట్టుకుంది: ఫ్రీమేసన్లనే సేవాసంఘం వెబ్‌సైటుకు రెండో వ్యాసం రాయడం. బయటివాళ్లూ రాయొచ్చని సైటువాళ్లు పిలిస్తే మొదటిది రాసింది. ఆ సంఘం మగవాళ్లది. లోపలి సంగతులు బయటపెట్టరు. ఒకప్పుడు మదనపల్లెలో రోగులకు మంచాలు కొనిచ్చి, పేరు మాత్రం ఎక్కడా వేయించుకోలేదట. ట్యూబులైటు ఇచ్చి దాని మీద తాత పేరు కూడా రాయించుకునే దాతల్ని చూసి ఒళ్లు మండిన మనిషి ఆమె. మెచ్చుకోక ఏం చేస్తుంది?

మెచ్చుకుని ఊరుకోక వ్యాసాన్ని వాట్సాపులో పెట్టింది. అక్కడే చెడింది.

తలుపు చప్పుడై తీస్తే, ఆ వ్యాసం పట్టుకుని పెద్దమండ్యం నుంచి వచ్చిన మారెమ్మ. "అమ్మా, మా ఇంటాయన కదిరప్ప తుంటి ఇరిగి పడుండాడు. వాకిలి మొగం సూసి ఎన్నాళ్లాయనో. చక్రాల కుర్చీ ఒగటి ఇప్పీమ్మా."

"నేను ఆ సంఘంలో లేనమ్మా!"

"ఉండేవోళ్లు ఉండామని చెప్పరంట కదా. నువ్వే రాసినావు."

"ఆడోళ్లను చేర్చుకోరు తల్లీ!"

"అందుకే నిన్ను పెట్టుకున్నారు. ఎవురికి అనుమానం వస్తాది?"

పొద్దెక్కేసరికి పుంగనూరు నుంచి ఆటో నిండా జనం దిగారు. విక్టోరియా విసిగిపోయి 'నేను సభ్యురాలిని కాను' అని అట్ట మీద రాసి గేటుకు కట్టింది. దాన్నెవరో ఫోటో తీసి వాట్సాపులో పంపారు. మధ్యాహ్నానికి కుప్పం నుంచి ఉమాపతి వచ్చాడు.

"అట్టను సూసే ఇల్లు గుర్తుపట్టినామ్మా. మా పాపకు కుట్టుమిషను కావాల."

విక్టోరియాకు ఓపిక నశించింది. "నా దగ్గర ఏముండాదప్పా, మట్టి! ఒగరి మొగాలు ఒగరు సూసుకోండి! మీ ఇండ్లల్లో మూలనపడిన సామాన్లు ఎన్ని లేవు?"

అందరూ నిజంగానే మొహాలు చూసుకున్నారు. ఉమాపతి బుర్ర గోక్కున్నాడు. "మాయమ్మ పోయినాక ఆయమ్మ చక్రాల కుర్చీ అటకెక్కించినామే..." పుంగనూరు మునిరత్నమ్మ అందుకుంది. "కండ్లు కనపడక నా కుట్టుమిషనుకు దుప్పటి కప్పినాను, అది నీ పాపకు తీస్కపో. కంటి ఆపరేషను చేయిస్తారేమోననే కదా వచ్చింది." "యాల చేయించరు? రేపు మా ఆస్పత్రికి నేనే పిల్చుకపోతా," అంది విక్టోరియా.

మర్నాడు ఉమాపతి కుప్పం బస్సు మీద కుర్చీ వేసుకుని మారెమ్మ ఇంటికి వచ్చాడు. మారెమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఎవురు ఇచ్చినారని చెప్పుకునేదప్పా?"

"పేరెందుకులేమ్మా," అన్నాడు ఉమాపతి.

కదిరప్ప ఆ కుర్చీలో వాకిట్లోకి వచ్చి, దారిన పోయే ప్రతివాడినీ ఆపి పలకరించాడు. విక్టోరియా రెండో వ్యాసం ఆ ఉమాపతి, మునిరత్నమ్మల మీదే రాసింది, ఎవరి పేరూ వేయకుండా. అది చదివి సైటు నడిపే హరినాథ్, సంఘంలో తలపండిన సభ్యుడు, వెతుక్కుంటూ వచ్చాడు.

"మనోళ్లు ఈ పక్క ఇంతమంది ఉండారని నాకే తెలీదమ్మా!"

"వాళ్లెవురూ మీ సభ్యులు కాదప్పా. నేనూ కాదు."

హరినాథ్ గేటుకున్న అట్ట వైపు చూసి గొంతు తగ్గించాడు. "అర్థమైందిలేమ్మా. నేనూ ఎవురికీ చెప్పను."