పోఖరా దండయాత్ర

హిమవన్నగ శిఖరశ్రేణులు మంచుదుప్పట్లు ముసుగుదన్ని పవళించిన ఒకానొక మాఘమాస ప్రభాతాన, వాగ్మతీతీర విరాజితమైన కాఠ్మాండూ మహానగరంలో, ఇత్తడిపాత్రల వర్తకశిఖామణి హితకాజీ కంసాకార్‌కూ, అతని బావమరిది, జీపు సారథ్య ధురంధరుడు అష్టమాన్‌కూ ఘోరసమరం పొడసూపింది. పోఖరాలో హితకాజీ అత్తగారింట ఆనాడు ఆమె చిన్న మనుమరాలి అన్నప్రాశన. అవ్వ పెట్టాక రెండో ముద్ద పెట్టే భాగ్యం, ముందుగా గడప తొక్కిన వీరునిదని పందెం.

"రెండు వందల కిలోమీటర్ల గుంతల్లో నీ నడుం విరుగుతుందిరా అష్టమాన్! ఆకాశంలో నూట నలభయ్యే. టీ తాగేలోపు దిగుతా."

"దిగుదువుగాని బావా, మంచు నిన్ను ఎగరనిస్తే కదా! అక్కా, నువ్వెటు?"

హితకాజీ ధర్మపత్ని రత్నశోభ క్షణమైనా తటపటాయించలేదు. "మలేఖూలో వేయించిన చేపలమ్ముతారు చూడు, ఆ దారిన."

అర్ధాంగి శత్రుశిబిరంలో చేరగా, ఆ ధీరోదాత్తుడు గాయపడిన గుండెతోనే విమానాశ్రయం ప్రవేశించాడు. అక్కడ దిగంతాలు మింగి కూర్చున్న మంచును అద్దాలలోంచి వీక్షించి, భుజాలు పొంగ గర్జించాడు: "ఓరీ నీహారాధమా! నిరాయుధుడైన బాటసారిపైనా నీ ప్రతాపం? సూర్యుడు రానీ, నీ గర్వం ఖర్వం కాకపోతే నేను కంసాకార్ వంశజుణ్ణే కాను!"

"బాబూ, కాస్త పక్కకి జరుగు. బోర్డు కనపడట్లేదు," అంది వెనకనున్న ముసలమ్మ.

ఎట్టకేలకు మంచు విడింది, విమానం లేచింది. మేఘమండలపు చీలికలోంచి పోఖరా ఒడ్డునున్న ఫేవా సరోవరం తళుక్కున మెరవగా హితకాజీ విజయోత్సాహంతో మీసం దువ్వాడు. మరుక్షణం ఆ చీలికా మూసుకుపోయింది. దిగే వీలు లేదన్నారు. పుష్పకసమానమైన ఆ వాహనం గింగిరాలు తిరిగి, తిరిగి, మళ్లీ కాఠ్మాండూలోనే వాలింది.

మరొకడైతే ఇంటికి పోయి పడుకునేవాడే. హితకాజీ మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఒక వ్యానులో ఇరుక్కుని, తాను తూలనాడిన ఆ గుంతలన్నిటినీ ఒక్కొక్కటిగా నడుముతో లెక్కపెట్టుకుంటూ బయల్దేరాడు. సగం దారిలో ముగ్లిన్ చేరేసరికి, సిమెంటు లారీ ఒకటి రాక్షసకళేబరంలా దారికడ్డంగా పడి ఉంది. దాని వెనుక కనుచూపుమేర వాహనాలు. దిగి ఆ వరుస వెంట నడిచాడు. ఒక జీపు నీడలో చేపముళ్లు ఏరుకుంటూ రత్నశోభ!

"ఇదేంటి, ఎగిరిపోయిన మనిషి నడిచొస్తున్నాడు?" అంది. ఆ మొహం చూసి మరి నవ్వలేక, పెద్ద చేపముక్క తీసి అతని చేతిలో పెట్టింది. "ముందు తిను."

"ఎక్కు బావా," అన్నాడు అష్టమాన్. "ఇంక ఇద్దరిదీ ఒకే దూరం."

దారి తెరుచుకుని, ముగ్గురూ పోఖరా చేరేసరికి సంజ వాలింది. భుజాలొరుసుకుంటూ ఒక్కసారే గడప దాటిన బావాబావమరుదులకు అత్తగారు పెదవిపై వేలుంచి ఎదురొచ్చింది.

"హుష్! పిల్ల ఇప్పుడే పడుకుంది. శుభఘడియ మీకోసం కూర్చుంటుందా? అందరూ ఎప్పుడో తినిపించేశారు. చేతులు కడుక్కుని మీరు తినండి."

పెరట్లో కుళాయి ఒక్కటే. క్షణకాలం ఇరువురి చూపులూ కత్తుల్లా దూసుకున్నాయి. అంతట, గగనమూ భూమీ రెండూ వంచించినా వెన్నుచూపని హితకాజీ, చెప్పులు విడిచి, తడిబండపై జర్రున జారి, బావమరిదికన్నా జానెడు ముందుగా కుళాయి చెవి పట్టి తిప్పాడు!

చన్నీళ్లు జివ్వుమన్నాయి. లోకులారా, వినండి: ఆ సాయంకాలం పోఖరాలో తొలుత చేతులు కడుక్కున్నవాడు హితకాజీ కంసాకారే!