పంచవీరుడి ఎడమకాలు

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదింటికి బొమ్మల కంపెనీ సమీక్షకు పంపిన పెట్టె విప్పాలి. అందులోని ఐదు బండ్లను ఐదు రోబోలుగా మార్చి, ఆ ఐదింటినీ కలిపి 'పంచవీరుడు' అనే పెద్ద రోబోగా నిలబెట్టాలి. ఫోటో తీసి, సమీక్ష రాసి, పన్నెండులోగా వారపత్రికకు పంపాలి. తొమ్మిదేళ్లుగా ఆ పత్రికలో ఇతరుల అచ్చుతప్పులు దిద్దుతూ వచ్చిన ఆమెకు సొంత పేరుతో పేజీ దొరకడం ఇదే మొదటిసారి. "పన్నెండు దాటితే ఆ చోట గళ్లనుడికట్టు వేసేస్తా," అని ఎడిటర్ ముందే చెప్పేశాడు.

భర్త ఆఫీసుకు బయల్దేరగానే ఆమె పడకగది తలుపు గడియ పెట్టుకుంది. బండ్లు రోబోలుగా మారడం పావుగంట పని. కలపడం దగ్గరే వచ్చింది తంటా. రైలింజను ఒళ్లు కావాలి, అయింది. ఫైరింజను కుడికాలు కావాలి, అయింది. క్రేను కూడా కుడిచెయ్యిగా బుద్ధిగా కుదిరింది. చెత్తలారీ మాత్రం ఎడమకాలు కానంటే కానని మొండికేసింది. పదకొండుకి ఎడిటర్ ఫోన్ చేశాడు.

"సార్, ఎడమకాలు తుంటి దగ్గర నిలవట్లేదు. పట్టుకుంటే ఊడి చేతికొచ్చేస్తోంది... తలా? తల మెడలోకి దిగబడిపోయింది సార్. చెంచాతో లాగి కూడా చూశాను... అయ్యో, వదిలెయ్యను సార్. పన్నెండుకల్లా ఎలాగైనా నిలబెట్టేస్తా!"

అప్పుడే స్నానం చేసి వచ్చిన అత్తగారికి ఇదంతా తలుపు అవతలినుంచి స్పష్టంగా వినిపించింది. కొడుకు బయటికి వెళ్లడం ఆవిడ చూడలేదు.

"అమ్మాయ్! వాడు మాట్లాడుతున్నాడా?"

"ఇంకా లేదత్తయ్యా! ముందు తల బయటికి రావాలి కదా!"

"దేవుడా! నన్ను లోపలికి రానీ!"

"వద్దొద్దు! కాస్త కదిలినా రెండో కాలు కూడా ఊడిపోతుంది!"

అత్తగారు మెట్లు దిగలేదు, దూకారు. కింది అంతస్తులో ఎముకల డాక్టరు గడ్డం గీసుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్లలో విరిగిన కాళ్లు వందలు చూశాడు గానీ, ఊడి చేతికొచ్చిన కాలు గురించి వినడం ఆయనకిదే మొదలు. సగం చెంప నురగతోనే ఆంబులెన్సుకు ఫోన్ చేసి పైకి పరిగెత్తాడు.

ఇక కొడుకు సంగతి. మర్చిపోయిన ఫైలు కోసం ఇంటికి తిరిగొచ్చేసరికి గేటు ముందు ఆంబులెన్సు ఆగి ఉంది. డ్రైవరు ఒంటరిగా స్ట్రెచర్ దించుతున్నాడు.

"మా మనిషి రాలేదు సార్. కాస్త ఓ చెయ్యేస్తారా?"

"దానికేం, పదండి. ఎవరికట?"

"రెండో అంతస్తులో ఎవరికో కాలూడిపోయిందట. తల కూడా సరిగ్గా లేదట."

"అయ్యో పాపం, మా అంతస్తే!" అంటూ జాలిపడి ఆయన స్ట్రెచర్ ముందువైపు ఎత్తుకున్నాడు.

మెట్ల చివర నిలబడి ఏడుస్తున్న అత్తగారు ఆ దృశ్యం చూసి కొయ్యబారిపోయారు.

"ఒరేయ్! నీ స్ట్రెచర్ నువ్వే మోసుకొస్తున్నావేంట్రా!"

గోల విని కోడలు తలుపు తీసింది. అందరి చూపులూ ఆమె చేతిలోని చెత్తలారీ మీద పడ్డాయి. మరుక్షణం అందరూ ఒకేసారి తిట్లందుకున్నారు.

"ఆగండి!" అంది కోడలు. "ఎంతైనా తిట్టండి, కానీ పన్నెండు తర్వాత. ఇంకా నలభై నిమిషాలుంది. తొమ్మిదేళ్లు ఎదురుచూశాను ఈ పేజీ కోసం."

డాక్టరు చెంప తుడుచుకుని, కళ్లజోడు సర్దుకుని, రోబో మీదికి వంగాడు. "తుంటి కీలు పక్కకి జారింది. ఎవరైనా నడుం గట్టిగా పట్టుకోండి." కొడుకు నడుం పట్టుకున్నాడు. డ్రైవరు ఎడమచెయ్యి కావలసిన జీపును పరీక్షగా చూసి, "ఇది ముందుకి పోదండీ, రివర్సులో ఎక్కించాలి," అని వెనక్కి తిప్పి తోశాడు. ఠక్కున కూర్చుంది. అత్తగారు కొప్పులోంచి పిన్ను తీసి మెడలో దూర్చి ఒక్క గుంజు గుంజారు. తల టప్పున పైకి లేచి, రెండు కళ్లూ ఎర్రగా వెలిగాయి.

మిగిలింది ఎడమకాలు. డాక్టరు తిప్పాడు, కొడుకు నొక్కాడు, లాభం లేకపోయింది. కోడలు లారీని దగ్గరగా పెట్టుకుని, తప్పు అక్షరాన్ని వెతికే చూపుతో చూసింది. కొక్కెం ఉంది, గాడీ ఉంది, రెండూ ఒకదానికొకటి తలకిందులుగా ఉన్నాయి. లారీని బోర్లించి, చక్రాలు పైకి వచ్చేలా తోసింది. ఠక్!

పంచవీరుడు లేచి నిలబడ్డాడు. మోకాలెత్తు వీరుడికి ఐదుగురు పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. డ్రైవరైతే ఈల వేశాడు.

పన్నెండుకి మూడు నిమిషాలుండగా సమీక్ష వెళ్లింది. జరిగిందంతా కోడలు ఉన్నదున్నట్టు రాసేసింది. ఎడిటర్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఇది బొమ్మ సమీక్షా, యుద్ధవార్తా?"

"రెండూ సార్."

"బావుంది. ఇకనుంచి ఆ పేజీ నీదే."

ఆ ముక్క చెవిన పడగానే అత్తగారు కోడలి భుజం చుట్టూ చెయ్యి వేసి, "మా అమ్మాయి!" అన్నారు డ్రైవరుతో, అప్పటిదాకా అతనికి తెలియనట్టు.

అంతలో బొమ్మల కంపెనీ అమ్మాయి రొప్పుకుంటూ వచ్చింది. "క్షమించండి మేడమ్, పొరపాటు జరిగింది. మీ పెట్టెలో వేరే సెట్టు లారీ పడిపోయింది. అది దీనికి అస్సలు అతకదు, మార్చి..." అంటూ బల్లవైపు చూసి నోరు తెరిచేసింది. "మా ఇంజనీర్లే కుదరదన్నారు కదండీ, ఎలా నిలబెట్టారు?"

అందరూ కాస్త గర్వంగా నవ్వారంతే. ఆ అమ్మాయి కాలు లాగింది, చెయ్యి తిప్పింది, పావుగంట చెమటోడ్చింది. పంచవీరుడు ససేమిరా కదల్లేదు.

"పోనీ, దీన్ని విడదియ్యడం ఎలాగో చెప్పండి," అంది చివరికి ఏడుపుమొహంతో.

"కలపమన్నారు, కలిపాం," అన్నారు అత్తగారు పిన్ను కొప్పులో పెట్టుకుంటూ. "విడదియ్యడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదమ్మా."